లచ్చక్క గోడ మీది నీటి గీత

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ముందే చెప్పేస్తున్నాను, నేను భయస్థుణ్ణి. రిటైరై నాలుగేళ్ళయినా ఆకాశం మబ్బు పట్టిందంటే నది ఒడ్డు దాకా పోయి చూసొస్తాను. మబ్బు పట్టకపోయినా పోతాను. అదెందుకో ముందు ముందు చెబుతాను. పొద్దున్నే లేచి ఫోనులో గోదావరి నీటిమట్టం చూస్తానని మా ఆవిడ పద్మకు విసుగు. పెన్షన్ తీసుకుంటూ కూడా డ్యూటీ మానని మనిషిని మిమ్మల్నొక్కర్నే చూశానంటుంది.

బస్తర్‌కు దక్షిణపు కొసన, శబరి ఒడ్డునున్న ఒక చిన్న పట్టణంలో నేను మునిసిపల్ సబ్ ఇంజనీరుగా చేశాను. ఊరి పేరు రాయను. తెలిసినవాళ్ళకు ఎలాగూ తెలుస్తుంది. ఆఫీసులో హిందీ, బజార్లో తెలుగు, నది పక్క బస్తీలో దోర్లి, సంత రోజున హల్బీ. మొత్తం నాలుగు భాషలు మాట్లాడేవాణ్ణి. "ఈ మురుగు కాలువ ఎప్పుడు బాగుచేస్తారు?" అన్న ప్రశ్నకు మాత్రం నాలుగింటిలో ఏ ఒక్కదానిలోనూ నా దగ్గర జవాబుండేది కాదు.

ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను. రాయడానికి పెద్దగా లేవు కూడా.

పెద్దసారు, పూరీలు

నేను పని నేర్చుకున్నది దంతెవాడలో, ఒక పెద్దసారు దగ్గర. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎప్పుడూ గొడుగు చేతిలోనే. వాన మొదలవగానే ఆఫీసులో అందరూ కిటికీలు మూస్తుంటే ఆయన బయటికి నడిచేవారు, వెనకాల మేము. మోకాళ్ళ దాకా బురదలో కాలువ వెంట చివరి దాకా నడిపించేవారు. నీళ్ళు ఎక్కడ ఆగాయి, ఎక్కడ పొర్లాయి, ఎవరి గుమ్మం ఎక్కాయి, అన్నీ అప్పటికప్పుడు నోట్ చేయించేవారు. వాన పడేటప్పుడు ఆఫీసులో కూర్చున్న ఇంజనీరు, ముహూర్తం వేళకు నిద్రపోయిన పెళ్ళికొడుకు ఒకటేనని ఆయన మాట.

ఆ పద్ధతి మీరూ పట్టుకోండి. కంప్యూటర్లో మ్యాపు ఎంత బాగున్నా, ఒక్క వానాకాలం నడవకుండా సంతకం పెట్టకండి.

ఇంత మంచి గురువు దగ్గర నేర్చుకుని నేను చేసిన మొదటి ఘనకార్యం వినండి. మా ఊరి బస్టాండు పక్కన ఒక టిఫిన్ హోటలాయన కాలువ మీద బండలు పరిచి, వాటి మీద పొయ్యి పెట్టుకున్నాడు. తీయించడానికి వెళ్ళాను. రండి సార్, ముందు కూర్చోండి అంటూ వేడివేడి పూరీలు పెట్టాడు. నేను కుర్రతనంలో ఉన్నాను, ఆకలి మీద ఉన్నాను. తిని, రెండు రోజుల్లో తీసేయమని మెత్తగా చెప్పి వచ్చేశాను. ఆయన తీయలేదు, నేను మళ్ళీ అడగలేదు. శ్రావణంలో ఆ బండల కింద చెత్త ఇరుక్కుని, బస్టాండంతా నీళ్ళు నిలిచి, ప్రయాణికులు బెంచీల మీద చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఆ పూరీలు నాకు ఇప్పటికీ అరగలేదు.

అది చిన్న తప్పు. అందరితో చెప్పుకుని నవ్వుకోవచ్చు. రెండోది ఎవరితోనూ చెప్పలేదు, మొన్నటి వేసవి దాకా.

తునికాకు నెల

మా శాఖలో ఏటా వచ్చే ఉత్తర్వు ఒకటుంది. వానలకు ముందే, అంటే మే నెల లోపల, నాలాలన్నీ పూడిక తీయాలి. వార్డు సభ పెట్టి జనం అభ్యంతరాలు కూడా ఆ నెలలోనే వినాలి. రాజధానిలో కూర్చుని చూస్తే చాలా సబబుగా ఉంటుంది.

మా వైపు మే నెలంటే తునికాకు. బీడీలు చుట్టే ఆకు. తెల్లారకముందే అడవికి పోయి ఆకు కోసి, మధ్యాహ్నం నీడన కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లానికి చేర్చాలి. కల్లమంటే ఆకు కట్టలు అప్పగించి ఎండబెట్టే మైదానం. ఏడాదిలో ఆ కొద్ది రోజులే. ఆ రోజుల్లో ఊళ్ళో పార పట్టే మనిషి దొరకడు. సభకు వచ్చే మనిషి అంతకన్నా దొరకడు. నది పక్క బస్తీవాళ్ళయితే కిష్టారం వైపు ఆకు బాగుంటుందని పిల్లాపాపలతో చుట్టాల ఊళ్ళకు పోయి, పదీ పదిహేను రోజులు అక్కడే మకాం పెడతారు.

కాబట్టి మా దగ్గర పూడికతీత కాగితం మీద మేలో అయిపోతుంది, నేల మీద జూలైలో మొదలవుతుంది. సభకు కుర్చీలు వస్తాయి, జనం రారు. "అభ్యంతరాలు లేవు" అని రాసుకుని టీ తాగి వచ్చేస్తాం. నేనూ అలాగే ఎన్నోసార్లు రాశాను. ఆ నెలలో ఆ ముక్క ఎంత అబద్ధమో ఈ నేల మీద పుట్టినవాణ్ణి, నాకు తెలియకపోలేదు.

తిన్నె

మా ఊరి పెద్ద నాలా బస్టాండు దగ్గర మొదలై, సంత మైదానం దాటి, ఆ బస్తీ మధ్యనుంచి వెళ్ళి శబరిలో కలుస్తుంది. కలిసే చోట ఒక మట్టి తిన్నె ఉండేది. రాళ్ళూ మట్టీ పేర్చి, నడుమెత్తు. ఒక పక్కన మనిషి పట్టేంత సందు. మామూలు రోజుల్లో నాలా నీళ్ళు ఆ సందులోంచి నదిలోకి పోయేవి. తొలకరి పడగానే బస్తీవాళ్ళు ఆ తిన్నెను బాగుచేసుకునేవారు. నది పెరిగితే సందు కూడా పూడ్చేసేవారు. అప్పుడు ఊరి నీళ్ళు పక్కనున్న పల్లంలో ఆగేవి. ఆ పల్లాన్ని ఎవరూ దున్నేవారు కాదు, గొడ్లు మేసేవి.

నా కళ్ళకు ఆ తిన్నె పూడికలా కనిపించింది. నీళ్ళు పోయే దారికి అడ్డంగా మట్టి వేసుకున్న అమాయకులనుకున్నాను. నాలాను కాంక్రీటు కాలువగా మార్చే పని మంజూరైన సంవత్సరం, మనుషులు దొరకరని తెలుసు కాబట్టి, మే నెలలో జేసీబీ పెట్టించాను. తిన్నె ఒక పూటలో పోయింది. తవ్విన మట్టి ఎక్కడ పోయాలని డ్రైవరు అడిగాడు. దగ్గర్లో పల్లం కనిపిస్తోందిగా, అందులో పోయమన్నాను. నీళ్ళు రాకుండా ఆపే గట్టూ పోయింది, ఆగే చోటూ పోయింది. రెండూ నా చేతుల మీదుగానే.

బస్తీలో ముసలివాళ్ళే మిగిలి ఉన్నారు. చిట్టచివరి ఇంటి గుమ్మంలో నులకమంచం మీద ముత్తవ్వ అనే ముసలామె ఉండేది. ఒక కాలూ ఒక చెయ్యీ పడిపోయి చాలా కాలమైంది. బాగున్న చేతిని నది వైపు చూపిస్తూ ఆమె దోర్లిలో ఏదో అరుస్తూనే ఉంది. ఏమంటోందని డ్రైవర్ని అడిగితే, తిడుతోంది సార్, మిషను చప్పుడుకు, అన్నాడు. అక్కడికి పది అడుగులు. నాకు దోర్లి వచ్చు. వెళ్ళి అడగలేదు.

ముత్తవ్వ కూతురు లచ్చక్క ఆకు పని ముగించుకుని వచ్చాక నేరుగా ఆఫీసుకొచ్చింది. దోర్లి మాట్లాడే దోర్ల మనుషులు కలెక్టరునైనా "నువ్వు" అనే అంటారు, అందులో మర్యాద తక్కువేమీ లేదు. తిన్నె మళ్ళీ కట్టుకుంటామంది. నేను కుర్చీ చూపించి, కాలువకు వాలు ఎంత చక్కగా పెట్టామో, నీళ్ళు ఎంత సాఫీగా పోతాయో గీత గీసి చూపించాను. ఆమె కాగితం వంక చూడలేదు.

"పోయే నీళ్ళ సంగతి సరే సారూ. వచ్చే నీళ్ళ సంగతేంది?"

నాకు నవ్వొచ్చింది, దాచుకోలేదు. కాలువకు అడ్డం పెడితే జరిమానా అని బస్తీలో నోటీసు కూడా అంటించాను.

ఆ మధ్యాహ్నం

మా శబరి కింద గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి నీళ్ళు తీసుకోదు, వెనక్కి తోస్తుంది. దాన్ని ఎగపోటు అంటాం. ఇది ఈ ఒడ్డున పుట్టిన ప్రతి పసివాడికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసిన సంగతిని డ్రాయింగులో పెట్టలేదు, అంతే.

ఆ ఏడాది గోదావరికి పైన ఎక్కడో విపరీతంగా కురిసింది. మా ఊళ్ళో మాత్రం రెండు రోజులుగా చినుకు లేదు. ఆరవేసిన బట్టలు ఆరుతున్నాయి. శబరి పెరుగుతోందని తెలిసి ఊరంతా రేవు దగ్గర చేరి చూస్తోంది. నేనూ అక్కడే ఉన్నాను. ఒడ్డుకు ఇంకా చాలా కిందే ఉంది, భయం లేదు అని పక్కవాళ్ళకు ధైర్యం చెబుతున్నాను. లచ్చక్క కూడా రేవులోనే ఉంది.

మేమంతా నదిని ముందునుంచి చూస్తున్నాం. నీళ్ళు వెనకనుంచి వచ్చాయి. నేను వెడల్పు చేసి, నున్నగా కాంక్రీటు వేయించిన కాలువలోంచి శబరి ఎగదన్ని, ఒడ్డుకన్నా పల్లాన ఉన్న బస్తీలోకి వచ్చింది. పక్క పల్లం మట్టితో నిండి ఉండటంతో ఆగే చోటు లేక ఇళ్ళలోకి పోయింది. ఎవరో కేక వేస్తే పరుగెత్తాం. లచ్చక్క నాకంటే ముందు పరుగెత్తింది. ముత్తవ్వ మంచం నీళ్ళలో తేలుతోంది. బాగున్న చేత్తో ఆమె దూలానికి వేలాడే ఉట్టి తాడు పట్టుకుని ఉంది. ఆ చేతిని విడిపించడానికి ఇద్దరం కష్టపడాల్సి వచ్చింది.

ఆమెను బయటికి తీసుకొచ్చాం. రొమ్ము పట్టేసి, పది రోజుల తర్వాత ఆస్పత్రిలో పోయింది. వరదలో పోయినవాళ్ళ జాబితాలో ఆమె పేరు లేదు.

ఒక్క పదం

నివేదిక నేనే రాయాలి. ఎవరి బలవంతమూ లేదు, ఇది మీరు గట్టిగా గుర్తుపెట్టుకోండి. మా మునిసిపాలిటీ పెద్దాఫీసరు సీఎంఓ సాబ్ మంచివారు, హడావిడి మనిషి. తల ఎత్తకుండానే, కారణం ఏం రాద్దామని అడిగారు. నా నోటినుంచి వచ్చిన మాట "అతివృష్టి". హిందీలోనూ అదే మాట, తెలుగులోనూ అదే మాట, రాయడం సులువైంది. సంతకం పెట్టాను. తహసీలు ఆఫీసు వెనక వాన కొలిచే డబ్బా ఆ రోజు పొడిగా ఉంది, అక్కడి లెక్క కాగితంలోనూ సున్నా అనే ఉంది. ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు. "నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అంటారు. మా ఆఫీసులో దేవుడికి ఫైలు పంపే పద్ధతి లేదు.

నోటీసును నేనే వెళ్ళి చించేశాను. బస్తీవాళ్ళు ఏటా బస్తాలతో తిన్నె కట్టుకుంటుంటే చూడనట్టు ఊరుకున్నాను. అది చాలనుకున్నాను. సిగ్గుపడాల్సిన సంగతి సిగ్గు లేకుండా చెబుతున్నాను, నిద్ర కూడా పట్టింది చాలా ఏళ్ళు.

మాధురి టేబుల్ మీద

నా కుర్చీలో ఇప్పుడు మాధురి అనే అమ్మాయి ఉంది. గనుల టౌన్‌షిప్‌లో పెరిగిన తెలుగు పిల్ల. మొన్న వేసవిలో, మే మొదట్లో, నాలా మీద కొత్త ప్లాను వేశాను, ఒకసారి చూస్తారా అని కబురు పెట్టింది. పొంగిపోయి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను.

నీటుగా గీసింది. కాలువను ఇంకా వెడల్పు చేసి, పైన స్లాబు మూసి, నదిలో కలిసే చోట మూతిని మూడు అడుగులు కిందికి దించింది. ఊరి వాన నీళ్ళు గబగబా పోవాలని. పల్లం ఉన్న చోట సంత షెడ్లు. పైన స్లాబు మూస్తే బస్తీవాళ్ళకు బస్తాలు వేసే వీలు కూడా ఉండదు. కాగితం మీద నది దగ్గర వేలు పెట్టాను. మూతి ఇంత పెద్దది ఎందుకమ్మా అని అడిగాను.

ఆమె పాత ఫైలు తీసి నా ముందు పెట్టింది. "మీ రిపోర్టే సార్ నాకు ఆధారం. అతివృష్టి వల్ల ఊరి నీళ్ళు కాలువలో పట్టక పొర్లాయని మీరే రాశారు కదా. స్థలం తెలిసిన మనిషి రాసింది అదొక్కటే ఉంది ఫైల్లో."

కింద నా సంతకం. నేను తలూపాను. టీ తెప్పించింది, తాగాను. బాగా గీశావమ్మా అని చెప్పి ఇంటికొచ్చేశాను. అవును, చెప్పకుండానే వచ్చేశాను. వార్డు సభ ఎప్పుడని గుమ్మంలో అడిగితే, వచ్చే వారమే, మే నెల లోపల పెట్టాలి కదా సార్ అంది.

ఆ తర్వాత నాలుగు రోజులు నాకు అన్నం సహించలేదు. మూడో రోజున పద్మతో మొత్తం చెప్పాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు ఈ సంగతి తెలియదు. కూర తరిగే చెయ్యి ఆపింది. తర్వాత, "చెప్పాల్సింది నాకు కాదుగా" అని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

నాలుగో రోజు సాయంత్రం కల్లానికి వెళ్ళాను. లచ్చక్కకు ఇప్పుడు జుట్టు నెరిసింది. కిష్టారం దాకా పోయే ఓపిక లేక దగ్గర అడవిలోనే కోసుకుంటోంది. కట్టలు వరసగా పేరుస్తోంది. పక్కన చతికిలబడి, ఆ రోజు నివేదికలో ఏం రాశానో, ఇప్పుడు దానివల్ల ఏం కాబోతోందో చెప్పాను. ఆమె పని ఆపలేదు.

"ఏంది సారూ, నాకు తెల్వదనుకున్నవా? ఆ దినం నేను వడ్లు ఎండబోసుకున్న. వాన యాడిది?"

నన్నేం చేయమంటావని అడిగాను.

"వాన పడలేదని చెప్పు. గంతే."

కల్లంలో సభ

మర్నాడు పొద్దున్నే మాధురి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ముఖం మాడిపోయింది. ఆరు నెలల పని, పైకి పంపడానికి సిద్ధంగా ఉంది. మీరు ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగింది. కాసేపటికి లేచి, బస్తీలో మీరు చెప్పినదానికి ఆనవాలేమైనా ఉందా, చూపించండి అంది.

లచ్చక్క ఇంటికి తీసుకెళ్ళాను. ఏటా పండుగకు ఆమె గోడలకు ఎర్రమట్టి పూస్తుంది. లోపలి గదిలో ఒక గోడ మీద మాత్రం బెత్తెడు మేర పూయకుండా వదిలేస్తుంది. ఆ పట్టీలో ముత్తవ్వ మంచం ఉన్న చోట, నా ఛాతీ ఎత్తున, నల్లగా నీటి గీత ఉంది. అది ఇన్నేళ్ళూ అక్కడుందని నాకు తెలియదు. ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు నేను. మాధురి లెవల్ మిషను తెప్పించి, ఆ గీత ఎత్తును నది ఒడ్డుతో, కాలువ మూతితో పోల్చి చూసుకుంది. రెండుసార్లు లెక్క కట్టి, పుస్తకం మూసేసి, నా వైపు చూడకుండా, "నీళ్ళు కిందనుంచే వచ్చాయి సార్" అంది.

సభ ఆఫీసు హాల్లో పెట్టలేదు. కిష్టారం పోయినవాళ్ళు తిరిగొచ్చేదాకా ఆగి, సాయంత్రం అందరూ ఆకు అప్పగించే వేళకు కల్లంలోనే పెట్టించింది. బస్తీ మొత్తం ఉన్న వార్డు సభ నా సర్వీసు మొత్తంలో నేను చూడలేదు. రిటైరయ్యాక చూశాను. కుర్చీల్లేవు, కట్టల మధ్య కూర్చున్నారు. నేను నిలబడి దోర్లిలో ఒకసారి, తెలుగులో ఒకసారి, రాసుకునే గుమాస్తా కోసం హిందీలో ఒకసారి చెప్పాను. ఆ రోజు వాన పడలేదు. నేను అబద్ధం రాశాను. తిన్నె నేనే తీయించాను.

తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. వెనకనుంచి ఒక పెద్దాయన, మరి ఈ ఏడు తిన్నె ఎట్ల కట్టాలె, బస్తాలు ఎవరిస్తరు అని అడిగాడు. మాటలు అటు మళ్ళాయి.

మాధురి ప్లాను మార్చింది. కాలువ మూతికి ఇనుప తలుపు, ఊరి నీళ్ళు కిందికి తోస్తే తెరుచుకునేలా, నది పైకి తోస్తే మూసుకునేలా. పల్లంలో నేను పోయించిన మట్టి తీయించి, షెడ్లు వేరే చోటికి. ఫైలు మొదటి కాగితంగా నేను రాసిచ్చిన వాంగ్మూలం పెట్టింది. పైనుంచి మంజూరు రావాలి. వస్తుందో రాదో నాకు తెలియదు, వచ్చినా ఈ వానలకు రాదు. లచ్చక్కను అడిగాను, ఇప్పుడు అందరికీ తెలిసిందిగా, ఇక ఆ గీత పూసేయరాదా అని. తలుపు పెట్టినాక పూస్తనంది.

పిల్లలూ, మీకు చెప్పాల్సింది ఇంతే. మే నెలలో ఆఫీసు హాల్లో సభ పెట్టకండి. అరిచే మనిషి దగ్గరికి ఆ పది అడుగులు నడవండి. తప్పు చేస్తే ఆ రోజే రాయండి. మీరు రాసిన అబద్ధం మీద మీ తర్వాతివాళ్ళు నిజాయితీగా ఇల్లు కడతారు.

నిన్న బస్తీవాళ్ళతో కలిసి మూతి దగ్గర బస్తాలు పేర్చాను. నడుము పట్టేసింది. ఇంకా రెండు వరసలు వేయాలి, మట్టి చాలలేదు. భద్రాచలం దగ్గర గోదావరి పెరుగుతోందని పొద్దున వార్తల్లో చెప్పారు. పద్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఇక్కడ ఎండ కాస్తోంది.